సగంలో వదిలేసిన బోర్డు

జనవరి 12

మామయ్యకి,

ఫోన్ చేస్తే కట్ చేస్తున్నావ్. ఉత్తరాన్ని కట్ చెయ్యలేవు కదా, అందుకే రాస్తున్నా. చింపెయ్యొచ్చు అనుకో. కానీ చింపేముందు నా చేతిరాత ఒకసారి చూస్తావు. ఎవరి చేతిరాత కనబడినా ఆగి చూసే జబ్బు నీకుంది.

నేనొక పెద్ద లాండ్రీలో చేరా. హోటళ్ల దుప్పట్లన్నీ ఇక్కడికే వస్తాయి. రెండు వేడి రోలర్ల మధ్యకి తడి దుప్పటి దూరిస్తే అవతల కాగితంలా వస్తుంది. ఇటు మూలలు నేను పట్టుకోవాలి, అటు మూలలు ఇంకొకడు. ముందు కౌంటర్లో కూర్చునేవాళ్లకి మాత్రం కుర్చీ, ఫ్యాను. కాకపోతే అక్కడ హోటల్ వాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడాలి. అందుకని ఆదివారం పొద్దున్న ఇంగ్లీషు క్లాసులో చేరా. టైర్ల షాపు పైన గది. జనవరి నుంచి డిసెంబర్ దాకా, ఏడాది.

నవ్వకు. నేను బట్టలు తీసుకోడానికి వచ్చినప్పుడు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఏమన్నావ్? "ఏదైనా ఒక్కటంటే ఒక్కటి చివరిదాకా చేసి చూపించు. అప్పటిదాకా నా గడప తొక్కకు" అన్నావ్. సరే. ఈ ఏడాది పూర్తి చేస్తా. చేశాకే తొక్కుతా. రాసిపెట్టుకో.

అత్తయ్యని అడిగానని చెప్పు.

దుప్పట్ల మధ్య నలుగుతున్న
నీ మేనల్లుడు

జనవరి 25

ఒరేయ్ స్ప్రింగూ,

చింపలేదు. నీ తలకట్లు ఇంకా ఒక పక్కకే వాలుతున్నాయి. ఆ వింత చూడ్డానికి ఉంచా.

ఎనిమిదో క్లాసులో బడిగోడ దూకినవాడివి, ఏడాది క్లాసుకి వెళ్తావా? సైకిల్ షాపు పది రోజులు. ప్రింటింగ్ ప్రెస్సు రెండు నెలలు. నా దగ్గర బోర్డులు రాసే పనిలో ఏడు నెలలు, అదే నీ రికార్డు. బేకరీ బోర్డు ఎడమ సగం రాసి, "టీ తాగొస్తా మామయ్యా" అని నిచ్చెన దిగావు. ఆ టీ ఇంకా అవలేదా నాయనా? అంత పెద్ద గ్లాసు ఎక్కడ దొరికిందిరా నీకు? బేకరీ వాళ్లు ఇంకొకడి చేత రాయించుకున్నారు. నీ సగం బోర్డు షాపులో గోడకి ఆనించి ఉంది. చూసినప్పుడల్లా కడుపు రగులుతుంది. అందుకే పారెయ్యలేదు.

పందెం నాకు సమ్మతమే. కానీ నువ్వు నిజంగా వెళ్తున్నావని నాకెలా తెలియాలి? ప్రతి క్లాసు నోట్సూ కాపీ చేసి పంపు. ఇంగ్లీషు మాటలు పెద్ద అక్షరాల్లో, విడివిడిగా రాయి. పక్కన ఎలా పలకాలో తెలుగులో పెట్టు. కింద అర్థం. ఎందుకని అడక్కు. తనిఖీ అనుకో.

కోపం తగ్గని
మామయ్య

ఫిబ్రవరి 23

తనిఖీ ఆఫీసర్ గారి సముఖానికి,

నోట్సు ఆరు కాగితాలు జత చేశా. అక్షరాలు ఇంతకన్నా పెద్దగా కావాలంటే గోడ మీద రాసి గోడని పార్సిల్ చెయ్యాలి.

మా మాస్టారి సంగతి చెప్పలేదు కదా. ఆయన ఇరవై ఏళ్లు ఒక ఓడ వంటగదిలో పనిచేశాడు. ఓడ నిండా బ్రిటిష్ వాళ్లే. ఓడ మాస్టారు అంటాం మేము. పుస్తకం తెరవడు. "అయిపోయిన సంగతి చెప్పాలంటే ముందు అది అవ్వాలి కదరా! ముందు చెయ్యి, తర్వాత చెప్పు" అంటాడు. అందుకని ఆ ఓడ మీద వాళ్లు చేసుకున్న పండగలన్నీ ఒక్కొక్కటిగా మాతో చేయించి, తర్వాత దాన్ని భూతకాలంలో చెప్పిస్తాడు. చెయ్యనిది చెప్తే ఒప్పుకోడు.

నిన్న పాన్‌కేక్ డే చేశాం. అసలు మొన్న మంగళవారమట, మాకు ఆదివారమేగా ఖాళీ. నలభై రోజుల ఉపవాసాల ముందు ఇంట్లో ఉన్న గుడ్లూ పాలూ అవగొట్టడానికి పల్చటి రొట్టెలు పోసుకుంటారట. పోసుకుని తిని ఊరుకోవచ్చు కదా, ఊరుకోరు. వేడి పెనం పట్టుకుని పరుగు పందెం! పరిగెడుతూ రొట్టెని గాల్లోకి ఎగరేసి మళ్లీ పెనంలోనే పట్టాలి. మేం పన్నెండు మందిమీ టైర్ల షాపు ముందు పరిగెత్తాం. దర్జీ అక్క ఫస్టు. వాచ్‌మన్ తాత లాస్టు, కానీ రొట్టె మాత్రం కింద పడనివ్వలేదు. నా రొట్టె ఎగిరి స్కూటర్ మీద వెళ్తున్నవాడి హెల్మెట్ మీద వాలింది. వాడు దాంతోనే వెళ్లిపోయాడు.

"ఐ వాజ్ రన్నింగ్ వెన్ మై పాన్‌కేక్ ఫెల్." పరుగు సాగుతోంది, కాబట్టి వాజ్ రన్నింగ్. పడడం టక్కున అయిపోయింది, కాబట్టి ఫెల్. ఫాల్డ్ అన్నాడని వాచ్‌మన్ తాత చేత ఇంకో రౌండు పరిగెత్తించాడు.

హెల్మెట్ వెనకాల రొట్టె పోగొట్టుకున్న
స్ప్రింగు

మార్చి 10

ఒరేయ్ అల్లుడూ,

కాగితాలు అందాయి. రెండో పేజీలో కింద తోక ఉండే అక్షరం తోక కత్తిరించేశావ్. మళ్లీ వేసి పంపు.

ఇంకో అనుమానం. సాగేదానికి ఒకటి, టక్కున అయ్యేదానికి ఒకటి అన్నావు. నేను పరిగెడుతున్నాను, మీ అత్తయ్య తిట్టింది. ఇందులో సాగేది ఏది? రెండూ సాగాయి మరి. ఇప్పటికీ సాగుతూనే ఉంది ఒకటి. మీ మాస్టారిని అడిగి రాయి. నా పేరు చెప్పకు.

తొందరలో ఉన్న
మామయ్య

బాబూ, నేను అత్తయ్యని, కింద కాస్త చోటుంటే రాస్తున్నా. మొన్న పొద్దున్నే మీ మామయ్య నా పెనం పట్టుకుని వీధి చివరిదాకా పరిగెత్తాడు. వెనకాల పిల్లలు, వాళ్ల వెనకాల కుక్కలు. యాభై ఆరేళ్ల మనిషి! నాలుగు గుడ్లు దండగ. "మేనల్లుడు వెళ్లిపోయాడని మనసు చెదిరిందా?" అని పక్కింటావిడ అడిగింది. ఏం రాస్తున్నావో కాస్త చూసి రాయి నాయనా.

మార్చి 24

మామయ్యా,

నాకు అర్థమైంది. నేను బడి మానేసినవాడిని, నేను ఇంగ్లీషు నేర్చుకోవడం నీకు తమాషాగా ఉంది. అందుకేగా పెనం పట్టుకుని వీధంతా పరిగెత్తి చూపించావ్? "మా అల్లుడు ఇలాంటివి నేర్చుకుంటున్నాడు చూడండి" అని. జనం బాగా నవ్వారా?

ఆ నోట్సు కూడా అంతే. తోక తెగిందిట, మళ్లీ వెయ్యాలిట. ఇంగ్లీషు బోర్డులు నువ్వు రాసినన్ని ఎవరూ రాయలేదు. నీకు నా నోట్సు దేనికి? తప్పులు ఏరడానికి. దుప్పట్లు పట్టీ పట్టీ చేతులు బొబ్బలెక్కినా కూర్చుని కాపీ చేస్తున్నా. ఇక పంపను. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు.

మార్చి 15న మదరింగ్ సండే చేశాం, అమ్మకి పూలిచ్చే రోజు. అమ్మలేనివాళ్లు పెంచినవాళ్లకి ఇవ్వచ్చన్నాడు మాస్టారు. అత్తయ్యకని కొన్న పువ్వు ఈ కవర్లో పెట్టా. అది ఆమెకి. నీకు కాదు.

మేనల్లుడు

ఏప్రిల్ 1

ఒరేయ్,

పువ్వు మీ అత్తయ్యకి ఇచ్చా. అద్దం మూలకి గుచ్చింది.

ఇప్పుడొక మాట చెప్తా. మీ అత్తయ్యకి తప్ప ఎవరికీ తెలీదు.

నాకు ఇంగ్లీషు చదవడం రాదు. ఒక్క ముక్క రాదు. ముప్పై ఏళ్లుగా ఇంగ్లీషు బోర్డులు రాస్తున్నా, ఒక్కటి చదివి ఎరగను. కస్టమర్ కాగితం మీద రాసిస్తాడు. నేను దాని మీద గళ్లు గీస్తా. బోర్డు మీద సుద్ద పూసిన దారం లాగి కొట్టి, అన్నే గళ్లు పెద్దగా వేస్తా. ఒక్కో గడిలో ఏ వంకర ఉంటే ఆ వంకర దించుతా. చిలకబొమ్మ దించినట్టే. అది చిలకని తెలుసు, ఏం పలుకుతుందో తెలీదు.

నువ్వు క్లాసని రాసినరోజు అనిపించింది, వీడి వెనకాల నేనూ దూరితే ఎవరికీ తెలీదు కదా అని. తనిఖీ లేదు, గాడిదగుడ్డు లేదు. ముందు చెయ్యాలి తర్వాత చెప్పాలి అన్నాడుగా మీ మాస్టారు. అందుకే పరిగెత్తా. వచ్చాక కూర్చుని "ఐ ర్యాన్" అని రాసుకున్నా. నేను సొంతంగా చదివిన మొదటి మాట అది.

నోట్సు ఆపకురా.

మామయ్య

ఏప్రిల్ 6

మామయ్యా మామయ్యా మామయ్యా!

వేశావయ్యా! ఏం వేశావు! నేను ఫ్లాటు!

ఏప్రిల్ ఒకటో తారీఖు వాళ్లకి ఒకళ్లనొకళ్లు బోల్తా కొట్టించే రోజని నీకెవరు చెప్పారు? మేం నిన్ననే క్లాసులో చేశాం. దర్జీ అక్క మాస్టారి కోటు జేబులు కుట్టేసింది. రూలేంటంటే మధ్యాహ్నం పన్నెండు లోపే వెయ్యాలి. పన్నెండు దాటాక వేస్తే వేసినవాడే ఫూల్.

కానీ నీ జోకు ముందు అవన్నీ దండగ! నీ ఉత్తరం క్లాసులో లేచి చదివా. "మా మామయ్య ముప్పై ఏళ్లుగా ఇంగ్లీషు బోర్డులు రాస్తున్నాడు, ఇంగ్లీషు రాదట!" గది గదంతా పడిపడి నవ్వింది. చిలక దగ్గర వాచ్‌మన్ తాతకి దగ్గొచ్చింది. తారీఖు కూడా పైన దర్జాగా వేశావ్ చూడు, అదీ లెక్క.

కోపమంతా పోయింది. నోట్సు పంపుతున్నా, తీసుకో.

ఇంకా నవ్వుతున్న
స్ప్రింగు

ఏప్రిల్ 20

బాబూ,

నేను అత్తయ్యని. మీ మామయ్య రాయనన్నాడు, నన్నూ రాయొద్దన్నాడు.

నీ ఉత్తరం భోజనం చేస్తూ విప్పాడు. పళ్లెం ముందునుంచి లేచిపోయాడు. ఆ నోట్సు కట్ట విప్పలేదు, రంగుడబ్బాల వెనకాల తోసేశాడు. ఒకటో తారీఖు సంగతి మాకేం తెలుసు నాయనా? ఆ రోజు బుధవారం, షాపు ఖాళీగా ఉంది, రాశాడు. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా ఆ ఒక్క ఉత్తరమే రాశాడు. మధ్యలో రెండుసార్లు లేచి బ్రష్షులు కడిగాడు.

అది జోకు కాదు. అంతా నిజం.

అత్తయ్య

ఏప్రిల్ 26

మామయ్యా,

మూడు కాగితాలు నలిపి ఇది నాలుగోది.

పన్నెండు దాటాక వేసినవాడే ఫూల్ అని నేనే రాశా. నీ ఉత్తరం నా చేతికొచ్చింది శనివారం నాలుగు గంటలకి. మూడు రోజుల నాలుగు గంటలు లేటుగా నవ్వా. ఆ లెక్కన నా అంత ఫూల్ ఇంకోడు లేడు. నువ్వు చెప్పిన ఒకే ఒక్క నిజాన్ని పన్నెండు మంది ముందు పెట్టి నవ్వించా.

అందుకే ఇవాళ ఆ పన్నెండు మంది ముందే నిలబడి చెప్పా. అది జోకు కాదు, నేనే వెధవని అని. అప్పుడు వాచ్‌మన్ తాత అన్నాడు: "నేను పదకొండేళ్లుగా ఒక బిల్డింగుకి కాపలా కాస్తున్నా. దాని పేరేంటో చదివింది మొన్న మార్చిలో." దర్జీ అక్క ముక్కు చీదుకుంది. ఓడ మాస్టారు హాజరు పుస్తకం తీసి, పన్నెండు పేర్ల కింద పదమూడో నంబరు వేసి 'మామయ్య' అని రాశాడు. "రాకుండానే వచ్చేశాడు, ఇక వెళ్లనివ్వను" అన్నాడు. పిలిచాడు కూడా. "మామయ్య?" నేను లేచి "ప్రెజెంట్" అన్నా.

ఇకమీదట నేనొక ఆదివారం మానేస్తే నీకూ ఆబ్సెంటు పడుతుంది. గుర్తుపెట్టుకో.

ఈసారి నోట్సు కాగితం మీద లేదు. అట్టల మీద బ్రష్‌తో రాశా, నువ్వు నేర్పినట్టే దారం కొట్టి. తలకట్లు వాలితే తిట్టు. తిట్టడానికైనా రాయి.

నీ ఫూల్

జూలై 19

ఒరేయ్ ఫూలూ,

ఇన్నాళ్లూ చిన్న కార్డులతో సరిపెట్టా. ఇవాళ కూర్చుని రాస్తున్నా, ఎందుకంటే చెప్పకపోతే కడుపు పగిలేలా ఉంది.

నిన్న పొద్దున్న సైకిలేసుకుని నా బోర్డులన్నీ చదవడానికి బయల్దేరా. ముప్పై ఏళ్లలో నేను రాసినవి! మీ అత్తయ్య వెనకాల కూర్చుంది, సాక్ష్యానికి.

కరెంటాఫీసు గోడ మీద నాది ఒకటుంది, గుర్తుందా? నా జీవితంలో అంత అందంగా రాసింది ఇంకోటి లేదు. వాళ్లు అక్షరాలే చాలన్నా వినకుండా, చుట్టూ ఎర్ర గులాబీలు, తీగ, మూలల్లో రెండు పావురాలు వేశా, ఊరికే. ఏదో స్వాగతం అనుకున్నా. నిలబడి కూడబలుక్కుని చదివా. డేం... జర్. డేంజర్! ముట్టుకుంటే పోతారు అని! మీ అత్తయ్య అక్కడే మెట్ల మీద కూలబడి నవ్వింది. కరెంటాయన బయటికొచ్చి ఏం కావాలన్నాడు. "ఐ పెయింటెడ్ ఇట్" అన్నా. చూశావా? ముందు చేశా, ముప్పై ఏళ్ల తర్వాత చెప్పా.

ఇంకోటి. సినిమా హాలుకి పక్క తలుపు మీద బోర్డు నాదే. అందరూ వెళ్లాక తీరిగ్గా నేనెప్పుడూ అందులోంచే లోపలికి వెళ్తా. ఆ తలుపు కుర్రాడు ఎందుకలా చూసేవాడో ఇప్పుడు తెలిసింది. ఎగ్జిట్ అట.

నీ అట్టల్లో ఆ 'హాడ్' ఎక్కట్లేదు. అయిపోయినదానికన్నా ముందే అయిపోయింది అంటే ఏంటి? వివరంగా రాయి.

నీ పదమూడో నంబరు
మామయ్య

నవంబర్ 9

మామయ్యా,

ఒక మాట దాచా. ఇప్పుడు చెప్తా, ఎందుకంటే అయిపోయింది.

గత నెల లాండ్రీ డ్రైవరు నన్ను దూరంగా ఇంకో ఊళ్లో పనికి పిలిచాడు. లారీ మీద రోజుకో చోట తిరగడం. నా సంగతి నీకు తెలుసుగా, కాళ్లలో చక్రాలు. పదినెలలుగా అవే రోలర్లు, అవే మూలలు. శనివారం బ్యాగు సర్దేశా. ఆదివారం క్లాసులో చెప్పి వెళ్లిపోదామని వెళ్లా.

ఆ రోజు బాన్‌ఫైర్ నైట్ చేశారు, అందుకని క్లాసు సాయంత్రానికి మార్చారు. ఎప్పుడో నాలుగు వందల ఏళ్ల కింద వాళ్ల రాజు వచ్చే సభ కింద మందుగుండు పెట్టి ఒకడు దొరికిపోయాడట. ప్రతి ఏడూ నవంబర్ అయిదున గడ్డిబొమ్మ చేసి మంటలో వేస్తారు. చిరిగిన దుప్పట్లు నేనిచ్చా, చొక్కా దర్జీ అక్క కుట్టింది. సాయంత్రం టైర్ల షాపు వెనక మంట వేసేముందు మాస్టారు హాజరు పిలిచాడు. పదమూడో నంబరు దగ్గర ఆగి నావైపు చూశాడు.

నేను లారీ ఎక్కితే "మామయ్య?" అన్నప్పుడు ఎవడు పలుకుతాడు?

"ప్రెజెంట్" అన్నా. ఇంటికెళ్లి బ్యాగు విప్పేశా.

నువ్వడిగిన హాడ్ ఇదే. "ఐ హాడ్ ప్యాక్డ్ మై బ్యాగ్ బిఫోర్ హి కాల్డ్ యువర్ నేమ్." పిలవడం అయిపోయింది. సర్దడం అంతకుముందే అయిపోయింది. ఇంతకన్నా వివరంగా నాకు రాదు.

ఇక్కడే ఉన్న
స్ప్రింగు

డిసెంబర్ 14

మామయ్యా, అత్తయ్యా,

అయిపోయింది! పరీక్షలో ఒక్కొక్కరూ అయిదు నిమిషాలు నిజంగా జరిగింది చెప్పాలి. నేను టీ తాగొస్తానని నిచ్చెన దిగిన సంగతి చెప్పా. రెండుచోట్ల తడబడ్డా. "ఎక్కడ తడబడాలో అక్కడే తడబడ్డావు" అని పాస్ చేశాడు మాస్టారు. నిన్ను కూడా పాస్ చేశాడు, నీ కార్డులు చూసి. జనవరి అయిదు నుంచి నాకు కౌంటర్లో కుర్చీ. ఫ్యాను కూడా.

ఆఖరి పాఠం ఒక్కటే చెయ్యకుండా మిగిలింది. ఫస్ట్ ఫుట్ అంటారు. బ్రిటన్ పైభాగం వాళ్లది. కొత్త సంవత్సరంలో ఇంటి గడప మొదట ఎవరు తొక్కితే ఏడాదంతా వాళ్ల కాలి చలవేనట. నల్లజుట్టు మగాడైతే మంచిది. చేతిలో బొగ్గు, ఉప్పు, రొట్టె పట్టుకురావాలి. "ఇది క్లాసులో చెయ్యలేం, ఎవరి గడప వాళ్లు చూసుకోండి" అన్నాడు. "నువ్వెవరి గడప తొక్కుతావురా?" అని అడిగాడు.

గడప తొక్కకు అన్నది నువ్వు. ఆ మాట వెనక్కి తియ్యాల్సింది నువ్వు.

బొగ్గు మాత్రం కొన్నా.

నీ మేనల్లుడు

డిసెంబర్ 23

ఒరేయ్ అల్లుడూ,

కొత్త సంవత్సరం తెల్లారాక మొదటి బస్సుకి రా. నువ్వొచ్చేదాకా పాలవాణ్ని కూడా గేటు బయటే ఆపుతానంది మీ అత్తయ్య. నన్ను ముందురోజు సాయంత్రం నుంచే గదిలో పెట్టి గొళ్లెం వేస్తుందట. "మీరు బయటికెళ్లి ముందు మీరే అడుగుపెట్టారంటే ఏడాది గోవిందా, తల తెల్లగా ముగ్గుబుట్ట" అంటోంది. ఉప్పు, రొట్టె ఇంట్లో ఉన్నాయి. బొగ్గు తే చాలు.

నీ సగం బోర్డు దుమ్ము తుడిచా. ఎడమవైపు నువ్వు రాసింది అలాగే ఉంచా. కుడివైపు ఖాళీలో నేను రాశా. ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు. గళ్లు గియ్యలేదు. నా బుర్రలోంచే రాశా, ఇంగ్లీషులో. ఇక్కడ నీకోసం తెలుగు అక్షరాల్లో పెడుతున్నా:

"మై నెఫ్యూ కేమ్ హోమ్. హి ఫినిష్డ్ హిజ్ టీ."

ముందు చెయ్యాలి, తర్వాత చెప్పాలి. తెలుసు. నువ్వు రాకముందే వచ్చేశావని రాసినందుకు మీ మాస్టారు నన్ను ఇంకో రౌండు పరిగెత్తిస్తాడు. కానీ రంగు ఆరిపోయిందిరా, చెరపడం నావల్ల కాదు. అది తప్పు కాకుండా చెయ్యడం నీ చేతుల్లో, కాదు, నీ కాళ్లలో ఉంది.

ప్రెజెంట్,
పదమూడో నంబరు